కాకినాడ నుంచి హైదరాబాద్‌లో ఐబీడీ పేషెంట్ల మీటింగ్‌కి: రాత్రి రైలు, ఇంజెక్షన్ పెన్, టాయిలెట్ భయం

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా, మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా. వయసు 29. నాలుగేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. దీన్నీ, పేగుల్లో ఎక్కడైనా వాపు తెచ్చే క్రోన్స్ జబ్బునీ కలిపి ఐబీడీ అంటారు. మెసలమైన్, అజాథయోప్రిన్ మాత్రలు, పదిహేను రోజులకోసారి అడాలిముమాబ్ 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ పెన్. ఇప్పుడు రోజుకు రెండు మూడు మోషన్లు, రక్తం లేదు, కానీ పొద్దున పూట వస్తే ఆపుకోలేనంత తొందర. మే 19 వరల్డ్ ఐబీడీ డే దగ్గర పడే ఆదివారం గచ్చిబౌలి వైపు పేషెంట్లందరూ కలుస్తున్నారు. ఈ జబ్బున్న ఇంకో మనిషిని మీరు ఇంతవరకు ఎదురుగా చూడలేదు. రైల్లో ఏమైనా అవుతుందేమోనని అమ్మగారు వద్దంటున్నారు. వెళ్లొచ్చా, వెళ్తే ఎలా, మోషన్లు ఆపే లోపరమైడ్ మాత్ర వేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

వెళ్లొచ్చండి. మీరు చెప్పిన స్థితిలో వెళ్లి తీరాలనే అంటాను. నాలుగేళ్లుగా ఈ జబ్బు గురించి డాక్టర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషికి, అదే తొందర, అదే భయం తెలిసిన పది మంది మధ్య ఒక పూట కూర్చోవడం చిన్న విషయం కాదు. అయితే ఈ ప్రయాణంలో దెబ్బతీసేది దూరం కాదు, టైమింగ్. పేగుకి తొందర పుట్టే గంట, టాయిలెట్ దొరకని గంట ఒకటే కాకుండా చూసుకోగలిగితే పని ముప్పావు అయిపోయినట్టే. కింద చెప్పేదంతా దాదాపు దాని గురించే.

ముందు ఎప్పుడు వెళ్లకూడదో చెప్తాను. ప్రయాణానికి ముందు వారంలో రక్తం మళ్లీ మొదలైనా, నిద్రలోంచి లేచి మోషన్‌కి పరిగెత్తాల్సి వస్తున్నా, టికెట్ సంగతి పక్కనబెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి. రాత్రి నిద్ర లేపే మోషన్ అంటే సాధారణంగా లోపల వాపు ఉన్నట్టే, గాభరా వల్ల వచ్చేది కాదు. రోజుకు ఆరు, అంతకు మించి రక్తంతో మోషన్లు అవుతూ, వాటితోపాటు నాడి 90 దాటినా, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ (సుమారు 100 ఫారెన్‌హీట్) దాటినా, హీమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గినా అది తీవ్రమైన ఫ్లేర్, అంటే జబ్బు మళ్లీ గట్టిగా రేగడం. ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1955లో పెట్టిన కొలత ఇది, ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఇదే చూస్తారు. ఆ స్థితిలో వెళ్లాల్సింది అడ్మిట్ అవడానికి, మీటింగ్‌కి కాదు.

బయల్దేరడానికి రెండు వారాల ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్పీ (ఒంట్లో వాపు ఉందేమో చూపే రక్త పరీక్ష) చేయించండి. అజాథయోప్రిన్ మీద ఉన్నారు కాబట్టి తెల్ల రక్తకణాల లెక్క ఎలాగూ చూడాల్సిందే. ఈ మధ్య మలంలో పేగు వాపు గుర్తును కొలిచే ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ చేయించి ఉంటే ఆ రిపోర్టు కూడా చూడండి. 50 లోపు అయితే నిశ్చింత, 250 దాటితే మోషన్లు బాగున్నట్టు కనిపించినా లోపల వాపు ఉండే అవకాశం ఎక్కువ. ఆ రెండు వారాల్లో కొత్త మందు మొదలుపెట్టడం గానీ, ఉన్న మందు డోసు తగ్గించడం గానీ వద్దు. డాక్టర్ మార్చాలంటే ప్రయాణం అయ్యాక మారుద్దామని అడగండి. రైల్లో ఇబ్బంది వచ్చినప్పుడు అది కొత్త మందు వల్లా, జబ్బు వల్లా, తిన్న తిండి వల్లా అన్నది తేల్చుకోలేరు.

ఇప్పుడు పేగు గడియారం. ఏడు రోజులపాటు ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఏ గంటకు తిన్నారు, ఏ గంటకు తొందర పుట్టింది, పుట్టాక ఎంతసేపు ఆపగలిగారు. ఏడు రోజులకే మీ తీరు బయటపడుతుంది. చాలామందికి పొద్దున లేచిన గంట గంటన్నరలో రెండు సార్లు, తర్వాత తిన్న ప్రతిసారీ పావుగంట నుంచి గంట లోపల ఒకసారి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే, మీకు పేగు లోపలి పొర సున్నితంగా ఉంది కాబట్టి అది తొందరగా మారుతుంది. పొద్దున ఆ కదలిక బలంగా ఉంటుంది, దాని మీద వేడి కాఫీ పడితే ఇంకా పెరుగుతుంది. కాగితం మీద మూడో గడి ముఖ్యం. ఆపగలిగేది రెండు నిమిషాలా పది నిమిషాలా అన్నదాన్ని బట్టే మీ బెర్త్ ఎక్కడ ఉండాలో తేలుతుంది.

కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వెళ్తుంది. గచ్చిబౌలికి లింగంపల్లి దగ్గర, కాబట్టి సికింద్రాబాద్‌లో దిగి ఊరంతా దాటే పని లేదు. రాత్రి ఎక్కి పడుకుంటే మీకు నిద్రలో ఇబ్బంది లేదు కనుక రాత్రి గడిచిపోతుంది. అసలు చిక్కు తెల్లవారుజామున. ఐదు దాటగానే బోగీ మొత్తం లేస్తుంది, టాయిలెట్ ముందు బ్రష్షులు, మగ్గులు పట్టుకుని లైన్ కడతారు, నీళ్లు అయిపోయేదీ అప్పుడే. మీ పేగుకి తొందర పుట్టేదీ సరిగ్గా అదే గంట. అందుకని నాలుగుంపావుకి ఫోన్‌లో అలారం పెట్టుకుని లేవండి. గోరువెచ్చని నీళ్లు ఫ్లాస్కులో తీసుకెళ్లి ఒక గ్లాసు తాగి, పది నిమిషాలు బోగీలో అటూ ఇటూ నడవండి. మోషన్ వచ్చినా రాకపోయినా ఐదులోపు ఒకసారి వెళ్లి కూర్చుని రండి. లైన్ మొదలయ్యేసరికి మీ మొదటి విడత అయిపోతుంది. రెండో విడత లింగంపల్లిలో దిగాక వెయిటింగ్ హాల్లోనో, రూమ్‌లోనో. దిగిన వెంటనే ఆటో ఎక్కకండి, ఆ అరగంట అక్కడే ఉండండి.

క్లాస్ విషయంలో కక్కుర్తి వద్దు. త్రీ టైర్ ఏసీలో 72 బెర్తులు, త్రీ ఈ అనే ఎకానమీ ఏసీలో ఇంకా ఎక్కువ, టూ టైర్‌లో యాభై పైచిలుకే. టాయిలెట్ మీద ఆధారపడే మనిషి కొనుక్కోవాల్సింది మెత్తటి పరుపు కాదు, ఆ టాయిలెట్ పంచుకునేవాళ్ల సంఖ్య తగ్గడం. డబ్బు కుదిరితే టూ టైర్ లోయర్ తీసుకోండి, కర్టెన్ కూడా ఉంటుంది. త్రీ టైర్ అయితే కొత్త ఎరుపు రంగు బోగీల్లో 1 నుంచి 8 దాకా ఒక చివర, 65 నుంచి 72 దాకా ఇంకో చివర. వాటిలో కింది బెర్తులు 1, 4, 7, అటు వైపు 65, 68, 71. టికెట్ బుక్ చేసేటప్పుడు లోయర్ అని మాత్రమే అడగగలం, నంబర్ కోరుకోలేం. నడిమధ్యలో వస్తే ఎక్కగానే టీటీఈకి మందుల చీటీ చూపించి "సార్, పేగు జబ్బు, టాయిలెట్ దగ్గర లోయర్ కావాలి" అని అడగండి, లేదా ఆ చివరి బెర్త్ ఆయన్నే నేరుగా అడగండి. టాయిలెట్ పక్క బెర్త్ ఎవరికీ ఇష్టం ఉండదు, మార్చుకోవడానికి సంతోషంగా ఒప్పుకుంటారు. తలుపు చప్పుడు, లైటు వెలుతురు మాత్రం భరించాలి, కళ్లకు ఒక గుడ్డ పెట్టుకోండి.

ఇంకో దారి, మధ్యాహ్నం వైజాగ్‌లో బయల్దేరే వందే భారత్. రాజమండ్రిలో ఎక్కితే రాత్రి పదకొండు ప్రాంతానికి సికింద్రాబాద్‌లో ఉంటారు. పొద్దుటి తొందర ఇంట్లోనే తీరిపోతుంది కాబట్టి పేగు గడియారం ప్రకారం ఇదే మంచి బండి. కాకపోతే ఒక రాత్రి రూమ్ ఖర్చు అదనం, పడుకునే వీలు లేదు. అందులో నడవ పక్క సీటు, బోగీ చివరి వరసల్లో తీసుకోండి. టైమింగ్స్ మారుతుంటాయి, బుక్ చేసే ముందు చూసుకోండి.

బస్సు వద్దు. ఎంత ఖరీదైన ఏసీ స్లీపర్ అయినా మన ఆర్టీసీ బస్సుల్లో, ప్రైవేటు బస్సుల్లో మామూలుగా టాయిలెట్ ఉండదు. డ్రైవర్ ఆపుతాడా లేదా అన్న ఆలోచనే తొందరను పెంచుతుంది. కారులో అయితే విజయవాడ నుంచి హైదరాబాద్ 270 కిలోమీటర్లు, దాదాపు సగం దూరంలో సూర్యాపేట. నందిగామ, కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చిట్యాల దగ్గర తొందర ఉన్నా లేకపోయినా ఆగి వెళ్లండి. పెట్రోల్ బంకుల్లో టాయిలెట్ ఉండి తీరాలి, తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి. విమానం అయితే ప్రయాణం గంటే గానీ, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు బెల్టు పెట్టుకుని లేవకుండా కూర్చునే ఆ ఇరవై ముప్పై నిమిషాలే కష్టం. ఎక్కగానే ఎయిర్‌హోస్టెస్‌కి ఒక మాట చెప్పి వెనక వరసలో నడవ పక్క కూర్చోండి.

టాయిలెట్‌లో నీళ్లు లేకపోయినా, శుభ్రంగా లేకపోయినా 139కి ఫోన్ చేయండి, లేదా రైల్ మదద్ యాప్‌లో పీఎన్ఆర్ కొట్టి ఫిర్యాదు పెట్టండి. వచ్చే పెద్ద స్టేషన్‌లో సాధారణంగా నీళ్లు నింపుతారు. అది జరిగేదాకా మీ దగ్గర లీటరు ఖాళీ సీసా ఒకటి, దానికి నీళ్లు నింపి రెడీగా ఉండాలి. తాగే సీసా వేరు, ఇది వేరు, మూతకి ఒక ఎర్ర రబ్బర్ బ్యాండ్ చుట్టి ఉంచండి, చీకట్లో తడబడకుండా.

ఇక చేతిసంచి. పెద్ద బ్యాగు బెర్త్ కింద ఉండొచ్చు, ఇది మాత్రం తల కిందే ఉండాలి, టాయిలెట్‌కి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాలి. అందులో: రెండు లోదుస్తులు, ఒక ముదురు రంగు ట్రాక్ ప్యాంటు, తడి వైప్స్ ఒక చిన్న ప్యాకెట్, పేపర్ సోప్, వాసన బయటికి రాకుండా బిగించే జిప్ కవర్లు మూడు, నల్ల కవర్ ఒకటి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ చిన్న ట్యూబు. పదే పదే కడుక్కోవడం వల్ల చర్మం ఒరుసుకుపోయి మంటపుడుతుంది. ఆ మంట మొదలయ్యాక రాసే కన్నా ప్రయాణానికి ముందే పల్చగా రాసుకుంటే మేలు. వైప్స్ కమోడ్‌లో వేయకండి, అడ్డుపడుతుంది, జిప్ కవర్లో వేసి చెత్తబుట్టలో పడేయండి. భయం మరీ ఎక్కువైతే పెద్దవాళ్ల డైపర్ వేసుకోండి, సిగ్గు పడాల్సిందేమీ లేదు. టేపులతో అతికించే రకం కాదు, ప్యాంటులా లాక్కునే రకం కొనండి. నడుము కొలత చూసి కొనాలి, పెద్ద సైజు తీసుకుంటే తొడల దగ్గర ఖాళీ ఉండి కారిపోతుంది. ముందు ఇంట్లో ఒక రాత్రి వేసుకుని చూడండి.

మందుల దగ్గర నాలుగైదు ముఖ్యమైన మాటలు. మాత్రలు ప్రయాణపు రోజులకు కాక రెట్టింపు రోజులకు తీసుకోండి, సగం చేతిసంచిలో, సగం పెద్ద బ్యాగులో. ప్రిస్క్రిప్షన్ ఒరిజినల్, ఫోన్‌లో ఫోటో, రెండూ ఉండాలి. ఒక కాగితం మీద ఇవి రాయించుకోండి: జబ్బు పేరు, పెద్దపేగులో ఎంతవరకు ఉంది, చివరి కొలనోస్కోపీ ఎప్పుడు, మందులు డోసులతో, పడని మందులు, డాక్టర్ నంబర్. కొత్త ఊళ్లో క్యాజువాలిటీకి వెళ్లాల్సి వస్తే ఆ కాగితం ఒక గంట ఆదా చేస్తుంది.

అడాలిముమాబ్ పెన్ విషయానికి వస్తే, అసలు తీసుకెళ్లకుండా ఉండటమే మంచి పద్ధతి. పదిహేను రోజులకోసారి అని మనం అంటాం గానీ లెక్క 14 రోజులు. మీ ప్రయాణం మూడు రోజులు. క్యాలెండర్ తీసి చూడండి, రెండు ఇంజెక్షన్ల మధ్య ప్రయాణం పడితే పెన్ ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంటుంది. తేదీ సరిగ్గా ఆదివారమే పడితే ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరపొచ్చేమో డాక్టర్‌ని అడగండి, సొంతంగా జరపొద్దు.

తీసుకెళ్లక తప్పకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు వేడి వల్ల జరిగేది కాదు, చలి వల్ల జరిగేది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన రాయిలాంటి ఐస్ ప్యాక్‌కి పెన్ ఆనించి పెడతారు, లోపలి మందు గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది గానీ అందులోని ప్రొటీన్ దెబ్బతిని ఉంటుంది, పారేయాల్సిందే. కాబట్టి జెల్ ప్యాక్‌ని ఫ్రీజర్‌లోంచి తీసి పావుగంట బయట పెట్టండి, ఉపరితలం మీద చెమట పట్టాక పల్చటి తువాలు రెండు చుట్లు చుట్టండి, పెన్ దాని అట్టపెట్టెలోనే ఉండగా పక్కన పెట్టి ఇన్సులిన్ పౌచ్ జిప్ మూయండి. హోటల్ మినీ ఫ్రిజ్‌లో కూడా మంచు పేరుకునే వెనక గోడకి దూరంగా, తలుపు దగ్గర పెట్టండి. చల్లదనం పోతే ఎన్ని రోజులు పనికొస్తుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. అసలు బ్రాండుకి 25 డిగ్రీలకు మించకుండా 14 రోజుల దాకా అనుమతి ఉంది, మన దగ్గర దొరికే బయోసిమిలర్లకు (అదే మందును వేరే కంపెనీలు చేసే రకాలకు) అదే వర్తిస్తుందని అనుకోకండి, మీ పెట్టెలోని కాగితం చదవండి. మే నెలలో మన దగ్గర 25 అన్నది ఏసీ బోగీలో తప్ప ఎక్కడా ఉండదు. స్టేషన్ బయట ఆపిన కారులో వదిలితే మందు పాడవడానికి గంట చాలు. మలద్వారంలో పెట్టుకునే మెసలమైన్ సపోజిటరీలు వాడేవాళ్లకూ ఇదే జాగ్రత్త, ఎండకి కరిగి ఆకారం పోతాయి.

లోపరమైడ్ అడిగారు. మీకిప్పుడు రక్తం, జ్వరం లేవు కాబట్టి డాక్టర్ ఒప్పుకుంటే ప్రయాణపు రోజు 2 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, బయల్దేరే గంట ముందు వేసుకోవచ్చు. సొంతంగా రోజుకు నాలుగు మాత్రలు, అంటే 8 మిల్లీగ్రాములు, దాటకూడదు. ముందొక సెలవు రోజు ఇంట్లో వేసుకుని చూడండి, కొందరికి కడుపు బిగదీసి ఇంకో ఇబ్బంది తెస్తుంది. రక్తంతో మోషన్లు అవుతున్నప్పుడు దీన్ని ముట్టుకోవద్దు. వాచిన పెద్దపేగు కదలికను బలవంతంగా ఆపితే అది బెలూన్‌లా ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు.

మెడికల్ షాపులో రెండు ప్రమాదాలు. ఒళ్లు నొప్పులంటే చాలు జీరోడాల్-పీ, కాంబిఫ్లామ్ లాంటివి చేతిలో పెడతారు. మొదటిదాంట్లో అసిక్లోఫెనాక్, రెండోదాంట్లో ఐబుప్రొఫెన్ ఉంటాయి. ఆ కోవ నొప్పి మందులు ఐబీడీ ఉన్నవాళ్లలో ఫ్లేర్ రేపవచ్చు. మీకు పారాసిటమాల్ ఒక్కటే, 500 గానీ 650 గానీ. రెండోది, మోషన్స్ అనగానే నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్ తరహా యాంటీబయాటిక్ ఇచ్చేయడం. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ మంచి సూక్ష్మజీవులను చంపి సి.డిఫ్ అనే ఇన్ఫెక్షన్‌కి దారి తీయవచ్చు, అది అచ్చం ఫ్లేర్‌లాగే కనిపిస్తుంది. ఏ మాత్ర ఇచ్చినా స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివాకే డబ్బులివ్వండి.

ఓఆర్ఎస్ పౌడర్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. లీటరు నీళ్లలో కలిపేది 20.5 గ్రాముల ఫార్ములా: ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. పెద్ద ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే చిక్కబడి మోషన్లు ఇంకా పెరుగుతాయి, లీటరంటే లీటరే. కలిపాక 24 గంటల్లో తాగాలి. డబ్బాల్లో తియ్యగా దొరికే పండ్ల రుచి డ్రింకుల జోలికి వెళ్లొద్దు. వాటిలో చక్కెర ఎక్కువ, అది పేగులోకి నీళ్లు లాగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ తరహా డ్రింకుల పేరులో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. పాత అలవాటు కొద్దీ షాపువాళ్లు ఇంకా అదే పేరుతో ఇవ్వొచ్చు, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకోండి.

తిండి. బయల్దేరే ముందు రోజు నుంచి పీచు తక్కువ, కారం తక్కువ. మెత్తగా ఉడికిన అన్నం, చెక్కు తీసిన సొరకాయ, బీరకాయ, బంగాళాదుంప, ఉడికిన గుడ్డు, ఇడ్లీ, బాగా పండిన అరటిపండు, పడితే పెరుగన్నం. ప్రయాణం రోజు రాత్రి భోజనం ఎక్కడానికి మూడు గంటల ముందు ఇంట్లోనే ముగించండి, దాని తాలూకు తొందర ఇంట్లోనే తీరుతుంది. చాలామంది భయంతో రోజంతా పస్తుంటారు. దానివల్ల పేగు ఖాళీ కాదు, గ్యాస్ పట్టి, నీరసించి, మర్నాడు మీటింగ్‌లో పెట్టిందల్లా ఆకలితో తినేస్తారు, అసలు దెబ్బ అక్కడ తగులుతుంది. కొద్దికొద్దిగా తినండి.

మే నెల కాబట్టి ఇంకో మాట. ఇంట్లో కొత్త ఆవకాయ కలుపుతారు, మామిడిపళ్లు గంపల్లో వస్తాయి. ప్రయాణానికి ముందు మూడు రోజులు రెండింటికీ దూరంగా ఉండండి. మామిడిపండు ఒక ముక్క ఏమీ చేయదు, ఒక పూటలో మూడు పళ్లు తింటే ఆ చక్కెర మోషన్‌ని నీళ్లుగా చేస్తుంది. తొక్క తీసిన లేత ముంజెలు పడతాయి. క్రోన్స్ ఉండి పేగు ఒకచోట సన్నబడిందని డాక్టర్ చెప్పినవాళ్లు ఇది చదువుతుంటే: మునక్కాడలు, మొక్కజొన్న పొత్తులు, పనస తొనలు, గోదావరి జిల్లాల్లో ఇష్టంగా తినే తేగలు, ఎండుకొబ్బరి, వేరుశనగలు వద్దు. వాటి పీచు, ముక్కలు సన్నబడిన చోట ఇరుక్కుంటాయి. కడుపు ఉబ్బి, వాంతులు మొదలై, గ్యాస్ కూడా పోవడం ఆగితే అది అడ్డుపడటం, నోటి ద్వారా ఏమీ తీసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నీళ్లు తగ్గించి మోషన్లు తగ్గించుకుందామనే ఆలోచన ప్రమాదం. ఐబీడీ ఉన్నవాళ్లలో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు మనుషుల కన్నా ఎక్కువ, ఫ్లేర్‌లో ఇంకా ఎక్కువ. కూర్చుని వెళ్లే ప్రయాణంలో గంటకోసారి లేచి నడవండి, కూర్చున్న చోటే మడమలు ఎత్తి దించండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే నొక్కించుకోకండి, డాక్టర్‌కి చూపించండి.

మీటింగ్ సంగతి. నిర్వాహకులకు వారం ముందే ఫోన్ చేసి అడగాల్సినవి: హాలుకి టాయిలెట్ ఎన్ని అడుగుల దూరం, ఎన్ని ఉన్నాయి, వెస్ట్రన్ ఉందా. ఐబీడీతో మోకాళ్లు, చీలమండలు నొప్పి ఉన్నవాళ్లు ఇండియన్ టాయిలెట్ మీద కూర్చోలేరు. నలభై మంది వచ్చే చోట రెండే టాయిలెట్లు ఉంటే టీ విరామంలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, కాబట్టి నిర్వాహకులు ఎవరైనా చదువుతుంటే, విరామం అందరికీ ఒకేసారి ఇవ్వకండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లొచ్చని మొదటి నిమిషంలోనే చెప్పండి. కార్యక్రమం పదిన్నర తర్వాత మొదలుపెట్టండి. భోజనంలో బిరియానీతోపాటు పెరుగన్నం, కారం లేని పప్పుచారు ఉంచండి. పడుకోవడానికి ఒక గది, ఒక పరుపు.

మీరు మాస్క్ పెట్టుకోండి. అడాలిముమాబ్, అజాథయోప్రిన్ రెండూ రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. మన దేశంలో అడాలిముమాబ్ లాంటి బయోలాజికల్ మందు మొదలుపెట్టే ముందు నిద్రాణ టీబీ పరీక్ష చేసేది అందుకే. ఫ్లూ టీకా వేయించుకోవాలనుకుంటే రెండు వారాల ముందు, ఇంజెక్షన్ రూపంలోది మాత్రమే. ముక్కులో స్ప్రేగా కొట్టే జీవ టీకా మీకు పనికిరాదు.

అక్కడ మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. జబ్బు పేరు ఒకటే అయినా ఇద్దరిదీ ఒకే జబ్బు కాదు. ఒకరికి పురీషనాళంలోనే (పెద్దపేగు చివరి భాగంలోనే) ఉంటుంది, ఒకరికి ఎడమ వైపు దాకా, ఒకరికి పెద్దపేగు మొత్తం. కాబట్టి "నేను మందులన్నీ ఆపేశాను, బాగున్నాను" అని ఎవరైనా అంటే, ఎంతవరకు ఉండేది, ఆపి ఎన్ని నెలలైంది, ఆపాక కొలనోస్కోపీ చేయించారా అని మూడు ప్రశ్నలు అడగండి. "ఏ మందు మంచిది?" అని అడిగితే వచ్చే జవాబు మీకు పనికిరాదు. ఇంజెక్షన్ మంట లేకుండా ఎలా వేసుకుంటున్నారు, ఆఫీసులో ఎవరికి చెప్పారు, ఇన్సూరెన్స్ బిల్లులో ఏ కాగితం లేదని తిప్పి పంపారు, పెళ్లిచూపుల్లో ఎప్పుడు చెప్పారు, ఇలాంటివి అడగండి. డాక్టర్ దగ్గర దొరకనివి ఇవే. శాశ్వతంగా తగ్గిస్తామని పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు ఇలాంటి చోట్లకి వస్తారు. పేరు లేని పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. నాలుగు రోజులు అద్భుతంగా ఉండి తర్వాత కూలదోస్తుంది.

ఫోటోల సంగతి ముందే చెప్పండి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నవాళ్లు, ఆఫీసులో చెప్పనివాళ్లు అక్కడ ఉంటారు. గ్రూప్ ఫోటోలో నిలబడకపోతే ఎవరూ తప్పు పట్టరు.

ఊళ్లో తిరిగేటప్పుడు చూపించడానికి ఒక చిన్న కార్డు రాసి పర్సులో పెట్టుకోండి. ఇలా రాస్తే చాలు: "నాకు పెద్దపేగు జబ్బు ఉంది. అంటువ్యాధి కాదు. వెంటనే టాయిలెట్ వాడుకోవాలి. దయచేసి సహాయం చేయండి." హైదరాబాద్‌లో అవసరమైతే "భయ్యా, పేట్ కీ బీమారీ హై, బాత్రూమ్ కిధర్ హై" అంటే సరిపోతుంది. హోటల్, బట్టల షోరూమ్, ఆసుపత్రి, ఈ మూడింటిలో సెక్యూరిటీని అడగకుండా నేరుగా రిసెప్షన్‌లో అడగండి, కాదనేవాళ్లు తక్కువ. మెట్రో రైలులో టాయిలెట్ ఉండదు, స్టేషన్‌లో చూసుకుని ఎక్కాలి.

అమ్మగారికి ధైర్యం చెప్పడానికి మాటల కన్నా ఒక ట్రయల్ ట్రిప్ మేలు. ఈ ఆదివారం రాజమండ్రి వెళ్లి రండి, చేతిసంచి, సీసా, కార్డు అన్నీ ఇలాగే సర్దుకుని. ఏది మర్చిపోయారో, ఏది అనవసరమో అక్కడే తెలిసిపోతుంది. పెద్ద ప్రయాణంలో మీ బోగీ నంబర్, బెర్త్ నంబర్ అమ్మగారికి పంపండి, ఐదున్నరకి ఒక మెసేజ్ పెట్టండి.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రే పెట్టుకుంటే సోమవారం సెలవు తీసుకోండి. అలసటతో, మారిన తిండితో ఒకటి రెండు రోజులు మోషన్లు పెరగడం మామూలే. బుధవారం నాటికి కూడా మీ పాత లెక్కకి రాకపోతే, లేదా రక్తం కనిపిస్తే, మందులు పెంచుకోకుండా ముందు స్టూల్ టెస్ట్ సి.డిఫ్‌తో కలిపి చేయించి ఆ రిపోర్టుతో డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఇన్ఫెక్షన్‌కి, ఫ్లేర్‌కి ఇచ్చే మందులు వేరు. ఇంటికి రాగానే ఫ్రిజ్ తెరిచి పెన్ పెట్టె మీద తర్వాతి ఇంజెక్షన్ తేదీ పెన్నుతో రాసేయండి, ప్రయాణం హడావుడిలో ఎక్కువమంది మర్చిపోయేది అదే.